ఆవిరి ఇంజను – అలంకారం

తిరుపతి సమీపంలోని రేణిగుంట జంక్షనులో ఒకప్పుడు బ్రాడ్‌గేజి, మీటర్‌గేజి మార్గాలు రెండూ కలిసేవి. ఆ కాలంలో దేశమంతటా బ్రాడ్‌గేజి ప్రయాణికుల బండ్లను లాగిన ఆవిరి ఇంజన్లలో ప్రసిద్ధమైనది ‘డబ్ల్యు.పి.’ తరగతి. వీటిలో మొదటి 16 ఇంజన్లను 1947లో అమెరికాలోని బాల్డ్విన్ సంస్థ నిర్మించింది.

పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా ఇంజన్లు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో, ఇత్తడి పట్టీలతో మెరిసేవి. క్రమంగా ఆ వన్నెలు తొలగి నలుపే మిగిలింది. 1930లలో కొన్ని ఇంజన్లకు గాలిని చీల్చుకొనిపోయేటట్లు నునుపైన తొడుగులు అమర్చారు. డబ్ల్యు.పి. రూపం ఆ ధోరణిలోనిదే. దాని ముందుభాగం తుపాకిగుండువలె ఉబ్బెత్తుగా ఉండేది. దానిపై నక్షత్రాన్ని చిత్రించేవారు.

గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగానికి ఈ ఆకృతివల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. అయినా బొగ్గుమసిలో శ్రమించే కార్మికులు ఎన్నో షెడ్లలో ఆ నక్షత్రానికి రంగులద్ది మెరుగుపెట్టేవారు. యంత్రం ప్రభుత్వానిది, దాని అందం మాత్రం వారి చేతి చలువ.

బ్రాడ్‌గేజిపై ఆవిరి శకం 1995లో ముగిసింది. మొత్తం 755 డబ్ల్యు.పి. ఇంజన్లలో అధికభాగం తుక్కుగా మారాయి. వాటిలో మొదటిదైన 7200 సంఖ్య గల ఇంజను ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. ఇటువంటివాటిని భద్రపరచడమంటే ఇనుమును దాచడం మాత్రమే కాదు. ఆ కార్మికుల సౌందర్యదృష్టిని గౌరవించడం.