విమానం సర్వీసింగ్ ట్రాకింగ్ ఎలా సెటప్ చేయాలి? తేదీ రిమైండర్ ఒక్కటే ఎందుకు సరిపోదు?

కొత్త బైక్‌తో వచ్చే సర్వీస్ బుక్ చూసే ఉంటారు. ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందొస్తే అది. ఫోన్ బ్యాటరీకీ అంతే. ఛార్జ్ సైకిల్స్ ఎన్ని అయ్యాయో, తయారై ఎన్నేళ్లయిందో రెండూ లెక్కలోకి వస్తాయి. విమానం మెయింటెనెన్స్ కూడా ఈ లాజిక్ మీదే నడుస్తుంది. కాకపోతే బైక్ సర్వీస్ ఒక నెల లేటైతే పెద్దగా ఎవరూ అడగరు. విమానంలో తప్పనిసరి పని గడువు దాటితే, ఆ పని పూర్తయ్యేదాకా అది ఎగరకూడదు.

మన వరంగల్‌కి ఈ టాపిక్ ఇప్పుడు దగ్గరైంది. 1930లో నిజాం కాలంలో కట్టిన మామునూరు ఎయిర్‌పోర్టుని మళ్లీ అభివృద్ధి చేయడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే చెప్పింది. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ ఇప్పటికే విమానాలకు మెయింటెనెన్స్ చేస్తోంది. చెన్నైకి చెందిన రామ్‌కో ఇందుకోసం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. రామ్‌కో, ఆమోస్, ట్రాక్స్ ఇలా ఏది తీసుకున్నా, స్క్రీన్లు మారతాయేమో కానీ అసలు లెక్క ఒకటే. సెస్నా 172ఎస్ అనే చిన్న ట్రైనింగ్ విమానాన్ని ఉదాహరణగా పెట్టుకుని స్టెప్ బై స్టెప్ చూద్దాం.

స్టెప్ 1: మూడు కౌంటర్లు పెట్టండి

ప్రతి విమానానికీ ఫ్లైట్ అవర్స్, సైకిల్స్, క్యాలెండర్ అని మూడు లెక్కలుంటాయి. ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్. గంటలు లెక్కపెడుతున్నాం కదా, సైకిల్స్ ఎందుకు అనిపించొచ్చు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం గాల్లో ఉండగానే, క్యాబిన్ ముందువైపు పైకప్పు ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణాలు పోయాయి. ఆ బోయింగ్ 737 వయసు 19 ఏళ్లు. ఎగిరింది 35,496 గంటలే, కానీ సైకిల్స్ 89,680. అంటే సగటున ఒక్కో ఫ్లైట్ అరగంట కూడా లేదు. ఎగిరిన ప్రతిసారీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరిగి, దిగాక తగ్గుతుంది. దాంతో బాడీ కొద్దిగా సాగి, మళ్లీ మామూలవుతుంది. ఇలా వేలసార్లు జరిగితే లోహంలో పగుళ్లు మొదలవుతాయి. దానికి తోడు సముద్రగాలి వల్ల తుప్పు. ఈ అరుగుదల గంటల కౌంటర్‌లో కనపడదు.

చిన్న విమానాల్లో ఇంకో తిరకాసు ఉంది. హాబ్స్ మీటర్ గడియారంలా మామూలు టైమ్ లెక్కపెడుతుంది. టాక్ మీటర్ ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది కాబట్టి సాధారణంగా తక్కువ చూపిస్తుంది. మెయింటెనెన్స్‌కి ఏ రీడింగ్ వాడాలో ముందే ఫిక్స్ చేసి, అదొక్కటే ఎంటర్ చేయించండి. ఇవాళ ఇది, రేపు అది అంటే డేటా మొత్తం పోయినట్టే.

స్టెప్ 2: ఇంజిన్‌ని విడిగా రిజిస్టర్ చేయండి

ఇంజిన్, ప్రొపెల్లర్, మాగ్నెటో లాంటి పార్టులను వాటి సీరియల్ నంబర్‌తో వేరే రికార్డులుగా పెట్టి, విమానానికి లింక్ చేయండి. ఇంజిన్‌ని ఇంకో విమానానికి మారిస్తే దాని గంటలూ, దాని పెండింగ్ పనులూ దానితోనే వెళ్లాలి. టాస్క్‌ని విమానానికే కట్టేస్తే పార్టు మారిన రోజు హిస్టరీ తెగిపోతుంది.

స్టెప్ 3: టాస్కులు, ఇంటర్వెల్స్

172ఎస్‌లో ఉండేది లైకమింగ్ ఇంజిన్. మామూలుగా కనిపించే టాస్కులు ఇవి:

• ఫుల్ ఫ్లో ఫిల్టర్ ఉంటే ఆయిల్ మార్పు: 50 గంటలు లేదా 4 నెలలు
• ఇన్‌స్పెక్షన్: 100 గంటలు
• మాగ్నెటో ఇన్‌స్పెక్షన్: 500 గంటలు
• ఇంజిన్ ఓవర్‌హాల్: 2,000 గంటలు లేదా 12 ఏళ్లు

ఇవి లెక్క అర్థం కావడానికే. అసలు సిస్టమ్‌లో పెట్టాల్సిన నంబర్లు ఆ విమానం మాన్యువల్స్ నుంచి, డీజీసీఏ ఆమోదించిన మెయింటెనెన్స్ ప్రోగ్రామ్ నుంచే తీసుకోవాలి. ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌లు కూడా ఇక్కడే చేర్చాలి. వాటిలో కొన్ని ఒక్కసారి చేస్తే అయిపోతాయి, కొన్ని పదేపదే చేయాలి. ఈ రెండిటికీ వేర్వేరు టైప్ పెట్టండి.

ఉదాహరణకి జూన్ 1న 4,212.4 గంటల దగ్గర ఆయిల్ మార్చారు. తర్వాతి గడువు 4,262.4 గంటలు లేదా అక్టోబర్ 1. రోజుకి 3 గంటలు ఎగిరితే 17 రోజుల్లోనే గంటల గడువు వచ్చేస్తుంది. వానల వల్ల నెలకి 10 గంటలే ఎగిరితే అక్టోబర్ 1 నాటికి అయ్యేది 40 గంటలే, అయినా ఆయిల్ మార్చాల్సిందే. తక్కువ ఎగిరే విమానాల్లో మిస్సయ్యేది ఎక్కువగా ఈ క్యాలెండర్ గడువే.

స్టెప్ 4: నెక్స్ట్ డ్యూ ఫార్ములా

చాలామంది "చేసిన రీడింగ్ + ఇంటర్వెల్" అని రాసేస్తారు. గడువు కంటే ముందే చేస్తే అది కరెక్టే. కానీ అనుమతి ఉన్న వెసులుబాటు వాడుకుని కాస్త లేటుగా చేస్తే అది తప్పు. అమెరికా రూల్ చూడండి. 100 గంటల ఇన్‌స్పెక్షన్ చేసే చోటికి విమానాన్ని తీసుకెళ్లడానికి మాత్రమే 10 గంటల వరకు దాటనిస్తారు. అలా వాడుకున్న గంటలు తర్వాతి 100లోంచి కట్ అవుతాయి. ఈ పద్ధతిలో ఫార్ములా ఇలా ఉంటుంది:

నెక్స్ట్ డ్యూ = (పాత గడువు, చేసిన రీడింగ్: ఈ రెండింట్లో చిన్నది) + ఇంటర్వెల్

గడువు 4,300 అనుకోండి. 4,306 దగ్గర చేస్తే తర్వాతిది 4,400, 4,406 కాదు. 4,290కే చేసేస్తే 4,390. ఈ ఒక్క లైన్ తప్పు రాస్తే ప్రతి రౌండ్‌లో గడువు కొంచెం కొంచెం ముందుకు జరిగిపోతుంది, స్క్రీన్ మీద మాత్రం అంతా గ్రీన్‌లోనే కనిపిస్తుంది. మన దగ్గర ఎంత వెసులుబాటు ఉందన్నది ఆమోదించిన ప్రోగ్రామ్ చూసే పెట్టాలి.

స్టెప్ 5: అలర్ట్, లాక్, సంతకం

మిగిలిన గంటలను గత 30 రోజుల సగటు వాడకంతో భాగిస్తే అంచనా తేదీ వస్తుంది. హ్యాంగర్ బుక్ చేయడానికీ, పార్టులు తెప్పించడానికీ అది చాలు. కానీ అసలు గడువు కౌంటర్ చెప్పేదే. 10 గంటలు లేదా 15 రోజులు మిగిలుండగా పసుపు అలర్ట్ పెట్టుకోండి. గడువు దాటితే ఊరికే ఎరుపు చూపించడం కాదు, ఆ విమానానికి కొత్త ఫ్లైట్ షెడ్యూల్ కాకుండా లాక్ పడాలి.

టాస్క్ క్లోజ్ చేసే బటన్ అందరికీ ఇవ్వకండి. అధికారం ఉన్న ఇంజనీర్ పని చూసి, రిలీజ్ సర్టిఫికెట్ మీద సంతకం చేశాకే అది పూర్తయినట్టు. సాఫ్ట్‌వేర్‌లో టిక్ పెట్టినంత మాత్రాన విమానం సర్వీస్ అయినట్టు కాదు.

లైవ్‌కి ముందు ఈ టెస్టులు చేయండి

ముందే చేసిన టాస్క్, లేటుగా చేసిన టాస్క్, నాలుగు నెలలు ఎగరని విమానం, మధ్యలో మారిన ఇంజిన్, ఎంటర్ చేయని ఒక ఫ్లైట్. ఈ ఐదు కేసులనూ నకిలీ డేటాతో నడిపి, వచ్చిన గడువులను కాగితం మీద వేసిన లెక్కతో పోల్చండి. చివరి కేసు మరీ ముఖ్యం. ఒక్క ఫ్లైట్ ఎంట్రీ మిస్సయినా గంటలు తక్కువ పడి, అన్ని గడువులూ దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే కొత్త ఫ్లైట్ మొదలైన రీడింగ్, పాత ఫ్లైట్ ముగిసిన రీడింగ్‌తో సరిపోకపోతే ఎంట్రీని ఆపేసేలా చెక్ రాయండి.

ఇదంతా ఒక గూగుల్ షీట్‌లో కూడా ప్రాక్టీస్ చేయొచ్చు. ముందు మీ బైక్ ఓడోమీటర్ రీడింగ్‌తో, దాని సర్వీస్ బుక్‌తో మొదలుపెట్టండి. ఫార్ములా అక్కడ సరిగ్గా పనిచేశాక సైకిల్స్ కాలమ్ చేర్చండి.