పనిచోట పచ్చదనం

మెలకువగా ఉండే గంటలలో సగానికి పైగా పనిచోటనే గడిపేవారు మన నగరంలో అనేకులు. పీణ్యలో లేతు యంత్రం ముందు నిలబడే కార్మికుడు, బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చునే మహిళ, వైట్‌ఫీల్డులో కంప్యూటరు తెరను చూస్తూ ఉండే ఇంజనీరు, వీరి జీతాలు వేరు, అలసట స్వభావమూ వేరు. అయినా ఒక విషయంలో ముగ్గురూ సమానులే. ఉదయం లోపలికి వెళ్లినది మొదలు సాయంత్రం బయటికి వచ్చేవరకు ఆకు కదలడం గాని, ఎండ జరగడం గాని వారి కంటపడదు. దీనిని లోటుగా భావించాలా, లేక సౌఖ్యం కోరేవారి సణుగుడుగా తీసివేయాలా అన్నది ఈ పాఠంలోని విషయం.

1984లో రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించాడు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రి ఉంది. అక్కడ కొన్ని గదుల కిటికీలకు ఎదురుగా చెట్లు, కొన్నింటికి ఎదురుగా ఇటుకగోడ. 1972 నుంచి 1981 వరకు పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన రోగుల రికార్డులను తీసి, అన్నివిధాలా సరిపోలిన 23 జతలను ఆయన ఎంచుకొన్నాడు. గోడ కనిపించినవారు శస్త్రచికిత్స తరువాత సగటున 8.7 రోజులు ఆసుపత్రిలో ఉండగా, చెట్లు కనిపించినవారు 8 రోజులు నిండకముందే ఇల్లు చేరారు. తీవ్రమైన నొప్పిమందుల అవసరమూ వారికి తక్కువే అయింది. 46 మందితో జరిగిన చిన్న పరిశీలన ఇది. దీనిపై పెద్ద భవనాలు కట్టకూడదు. అయినా చూపు దేనిమీద ఆనుతుందో శరీరానికి దానితో నిమిత్తం ఉన్నదని గట్టిగా అడగడానికి ఇది చాలింది.

ఎందుకు ఉన్నది అన్న ప్రశ్నకు మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు 1989లో వెలువరించిన గ్రంథంలో ఒక సమాధానం చెప్పారు. లెక్కలు సరిచూడడం, కుట్టు తప్పకుండా చూడడం, నాణ్యత తనిఖీ చేయడం మొదలైన పనులలో మనస్సును పట్టి ఒకచోట నిలపవలసి వస్తుంది. ఆ పట్టుకు కూడా కండరం వలె అలసట ఉంటుంది. ఆకుల కదలిక, మబ్బుల నడక, పక్షుల రాకపోకలు మన దృష్టిని ఆకర్షిస్తాయి గాని శ్రమ పెట్టవు. ఆ కాసేపట్లో అలసిన పట్టు తేరుకొంటుంది. ఈ గుణానికి వారు వాడిన ఆంగ్ల పదం ‘సాఫ్ట్ ఫ్యాసినేషన్’. కన్నడ, తమిళ అనువాదకులతో కలిసి ఈ మాట దగ్గర చాలాసేపు ఆగవలసి వచ్చింది. తెలుగులో ‘అలవోక ఆకర్షణ’ అంటే భావానికి దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయం. సెల్‌ఫోనులోని వీడియోలూ దృష్టిని లాగుతాయి, కాని వాటి లాగుడు అలవోకగా ఉండదు. భోజన విరామమంతా ఫోనుతో గడిపినవారు విశ్రాంతి పొందలేదని వాపోవడంలో వింత లేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. బల్లమీద నాలుగు కుండీలు పెడితే గది గాలి శుభ్రమవుతుందని ప్రకటనలు చెబుతాయి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1989లో వెలువరించిన నివేదిక ఈ ప్రచారానికి మూలం. ఆ ప్రయోగాలు మూసివేసిన చిన్న పెట్టెలలో జరిగాయి. కార్యాలయం అటువంటి పెట్టె కాదు. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత ప్రయోగాలన్నింటినీ లెక్కగట్టి చూశారు. భవనంలో మామూలుగా జరిగే గాలి మార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. అన్ని మొక్కలు పెడితే మనుషులకు చోటుండదు. ఉక్కపోసే గదికి కిటికీ తెరవడమే మందు. మొక్కను కంటికోసం, మనస్సుకోసం పెట్టుకోవాలి.

మరి ఆ పచ్చదనం ఎవరికి అందుతున్నది? చాలా సంస్థలలో ఖరీదైన మొక్కలు ముందుగదిలో, అంటే అతిథి పది నిమిషాలు కూర్చునే చోట ఉంటాయి. పది గంటలు నిలబడే కాపలాదారుకు రేకుల గది, సిమెంటు నేల. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 150 మందికి మించి కార్మికులున్న చోట విశ్రాంతి గది ఉండాలని, అది గాలీ వెలుతురూ కలిగి చల్లగా ఉండాలని నిర్దేశించింది. అందులో చెట్టు ప్రస్తావన లేదు. కాని ‘చల్లగా’ అన్న మాటకు ఒక కానుగ చెట్టు కంటె చౌకైన అర్థం నాకు తోచదు. విశ్రాంతి గది పడమటి గోడకు ఆవల రెండు చెట్లు పెరిగితే మధ్యాహ్నపు వేడి గోడను తాకకముందే ఆగుతుంది. యాజమాన్యంతో మాట్లాడే అవకాశం వచ్చినపుడు అడగవలసింది ముందుగదికి కుండీలు కాదు, ఈ నీడ.

అడగడంలో మరొక మాట కూడా చేర్చాలి. ఎక్కడ, ఏ మొక్క అన్నది అక్కడ పనిచేసేవారే నిర్ణయించాలి. క్రెయిగ్ నైట్, అలెగ్జాండర్ హాస్లమ్ 2010లో ప్రచురించిన ప్రయోగాలలో బోడి గదిలో కంటె మొక్కలూ చిత్రాలూ ఉన్న గదిలో పని బాగా సాగింది. వాటిని తమకు నచ్చినట్లు అమర్చుకోనిచ్చినపుడు ఇంకా బాగా సాగింది. అలా అమర్చుకొన్నదానిని పైవారు వచ్చి మార్చివేయగానే ఆ లాభం పోయింది.

సాధారణంగా మనవారు ముందుగా తెచ్చేది తులసి. భక్తి మంచిదే గాని తులసికి నేరుగా ఎండ కావాలి. ట్యూబులైటు కింద అది వారాలలో వాడిపోతుంది. కలబందకూ వెలుతురు కావాలి. కిటికీకి దూరంగా ఉన్న బల్లకు మనీప్లాంటు, చాగ జాతికి చెందిన స్నేక్ ప్లాంటు తట్టుకొంటాయి. స్నేక్ ప్లాంటుకు మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే నీరు పోయాలి. అది ఎండి చావడం అరుదు, ఎక్కువ నీటితో కుళ్లి చావడమే ఎక్కువ.

మొక్కకు వీలులేని చోట బయటికి నడవాలి. ఈ విషయంలో బెంగళూరు మనకు చాలానే ఇచ్చింది. 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కు హైకోర్టును, విధానసౌధను ఆనుకొనే ఉన్నది. లాల్‌బాగ్‌ను నిర్వహించిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబీగెల్, ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేలా వీధులలో జాతులను ఎంచి నాటించాడు. జకరండా రాలేసరికి తురాయి ఎర్రబడడం అనుకోకుండా జరుగుతున్నది కాదు. తోటమాలితో మాట్లాడడానికి కొన్ని పేర్లు: కన్నడంలో ‘హొంగె’ అంటే మన కానుగ, ‘బేవు’ అంటే వేప, ‘హుణసె’ అంటే చింత. ఆవరణలోని చెట్టును కొట్టాలని ఎవరైనా తలపెడితే, కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నా, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం వృక్షాధికారి అనుమతి తప్పదు. స్థలం సంస్థ సొంతమైనా ఇదే నియమం.

చివరగా నీటి సంగతి. కుండీ కింది పళ్లెంలో, మనీప్లాంటు పెంచే గాజుసీసాలో నిలిచే తేటనీరు డెంగీ దోమకు ఇష్టమైన చోటు. గుడ్డు నుంచి దోమ కావడానికి వెచ్చని వాతావరణంలో 7 నుంచి 10 రోజులు చాలు. కనుక వారానికొకసారి ఆ నీటిని పారబోయాలి. పారబోస్తే సరిపోదు. గుడ్లు అంచుకు అంటుకొని నెలల తరబడి పొడిగానే బతికి ఉండగలవు కనుక పళ్లేన్ని, సీసాను లోపల రుద్ది కడగాలి. శనివారం ఈ పని ఎవరిదో పేరు రాసి గోడకు అంటించడం మేలు.