మెత్తగా దిగే బ్రేక్: పాత ఫియట్ ఉన్నవాళ్లు చేయవలసినవి, చేయకూడనివి

పాత ఫియట్ నడిపేవాళ్ల నోట తరచూ వినపడే మాట ఒకటుంది: "రెండుసార్లు కొడితే బ్రేక్ పడుతుందిలే." ఇంతకంటే ప్రమాదకరమైన సర్దుబాటు ఇంకోటి లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు దాటేస్తుంది. కాలు తీసి మళ్లీ తొక్కేలోపు ముందున్న ఆటో మీదికి వెళ్లిపోతాం. ఒక్కసారి తొక్కితే పడని బ్రేక్‌తో బండి రోడ్డెక్కకూడదు.

1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో వచ్చిన ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పెడల్ కాస్త తేడాగా ఉందనగానే చాలా షెడ్లలో చేసేది ఒకటే పని: నిపిల్ విప్పి బ్రేక్ లైన్లోని గాలిని బయటికి వదలడం, అంటే ఎయిర్ తీయడం. రెండ్రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. లోపం ఎక్కడుందో తేల్చకుండా నిపిల్ విప్పడం వల్ల వచ్చిన తిప్పలివి. స్పానర్ పట్టుకునే ముందు కాలితో చేయాల్సిన పరీక్షలున్నాయి.

ముందు పెడల్ ఏం చెబుతోందో చూడండి

బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆపి, చక్రాలకు అడ్డం పెట్టండి. పెడల్‌ను మామూలుగా ఒకసారి తొక్కి, ఎంత లోతుకు దిగిందో గుర్తుపెట్టుకోండి. తర్వాత వెంటవెంటనే మూడు నాలుగుసార్లు తొక్కండి.

పెడల్ పైకొచ్చి గట్టిగా నిలబడితే, లైన్లో గాలి ఉన్నట్టు కాదు. లైనర్లు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయి. మొదటి తొక్కుడంతా ఆ సందు పూడ్చడానికే సరిపోతోంది. దీనికి మందు అడ్జస్ట్‌మెంట్. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా ఈ లోపం పోదు.

పెడల్ పైకొచ్చినా కాలికింద ఇంకా సాగుతూ, తిరిగి నెడుతూ ఉంటే అప్పుడు గాలిని అనుమానించాలి. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ నొక్కితే కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఇక మూడోది. పెడల్‌ను ఒకే బలంతో తొక్కిపట్టి ఒక నిమిషం అలాగే ఉంచండి. మెల్లగా కిందికి జారుతోందంటే ఆయిల్ ఎక్కడికో పోతోంది. చక్రాల లోపలి వైపు, పైపుల జాయింట్ల దగ్గర, పెడల్ వెనక మాస్టర్ సిలిండర్ చివర తడి ఉందేమో వెతకండి. ఎక్కడా తడి లేదు, డబ్బాలో ఆయిల్ కూడా తగ్గలేదు, అయినా పెడల్ దిగుతోంది. అలాంటప్పుడు మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయినట్టే. నొక్కిన ఆయిల్ ఆ రబ్బరును దాటి వెనక్కి వచ్చేస్తోంది. బయటికి కారదు కాబట్టి చాలామంది పసిగట్టలేని లోపం ఇది.

బూస్టర్ లేని బండిలో పెడల్ బిరుసుగా ఉండడం సహజమే. కానీ పెడల్ గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే, లైనర్లు ఆయిల్‌తో తడిశాయో, కాలి నునుపెక్కాయో, వీల్ సిలిండర్ పిస్టన్లు తుప్పుతో బిగుసుకున్నాయో చూడాలి. బండి ఒక పక్కకు లాగుతుంటే చాలాసార్లు లోపం ఎదురు పక్క చక్రంలో ఉంటుంది. ఆ చక్రం పట్టడం లేదు కాబట్టే బండి ఇటు లాగుతోంది.

చేయవలసినవి

డ్రమ్ము ఊడదీసినప్పుడు వీల్ సిలిండర్ చివర ఉండే రబ్బరు తొడుగును వేలితో కొద్దిగా పక్కకు జరిపి చూడండి. లోపల పలచటి చెమ్మ ఉన్నా, బొట్టు జారినా ఆ సిలిండర్ పనైపోయినట్టే. ఒకవైపు మారిస్తే రెండోవైపూ మార్చండి. తడి కనిపిస్తే వాసన చూడండి. గేర్ ఆయిల్ వాసన వస్తే లోపం బ్రేకుది కాదు, వెనక యాక్సిల్ సీల్‌ది. దాన్ని వదిలేసి కొత్త లైనర్లు వేస్తే అవీ తడుస్తాయి.

హోస్ పైపులను తప్పక చూడండి. ఇంకొకరిని పెడల్ గట్టిగా తొక్కమని, పైపును గుప్పిట్లో పట్టుకోండి. ఉబ్బుతున్నట్టు తెలిస్తే పెడల్ మెత్తదనానికి అదీ ఒక కారణం. పాత పైపు లోపలివైపు ఉబ్బి దారి మూసుకుపోతే, కాలు తీసినా ఆ చక్రం విడవదు.

అడ్జస్టర్ చేత్తో తిప్పే రకమైతే చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంతవరకే వదులు చేయండి. అన్ని చక్రాలూ అయ్యాక పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి, మళ్లీ చూసుకోండి. షూలు సర్దుకుని ఇంకొంచెం సందు బయటపడుతుంది.

ఎయిర్ తీసేటప్పుడు సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. తొక్కేవాళ్లు నిదానంగా తొక్కాలి. కాలు తీసేముందే నిపిల్ బిగించాలి. డబ్బాలో ఆయిల్ అడుగంటితే పడ్డ కష్టమంతా వృథా. పాత మాస్టర్ సిలిండర్ అయితే పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టండి. రోజూ పిస్టన్ నడిచినంత మేర సిలిండర్ గోడ నున్నగా ఉంటుంది, దాని అవతల తుప్పు పేరుకుంటుంది. పెడల్‌ను అడుగుదాకా తొక్కితే రబ్బరు ఆ తుప్పు మీదికెళ్లి చీరుకుపోతుంది. "ఎయిర్ తీశాకే మాస్టర్ సిలిండర్ పోయింది" అన్న ఫిర్యాదులో సగం కథ ఇదే.

రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చండి. బండి కదలకుండా షెడ్‌లో ఉన్నా సరే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్‌కు కొత్తలో ఉండాల్సిన కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. డాట్ 4కు 230, 155. అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోట దిగుతూ బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. పెడల్ ఉన్నట్టుండి ఖాళీగా దిగిపోతుంది. ఘాట్‌లో కింది గేరులోనే దిగాలి.

చేయకూడనివి

బ్రేక్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోయవద్దు. రబ్బర్లను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగవద్దు. ఏ కాస్త తగిలినా రబ్బరు ఉబ్బి పాడవుతుంది, నాలుగు చక్రాల్లోనూ సీళ్లు మార్చాల్సి వస్తుంది. శుభ్రం చేయడానికి కొత్త బ్రేక్ ఆయిలే వాడండి. ఎయిర్ తీసేటప్పుడు సీసాలో పట్టిన పాత ఆయిల్‌ను తిరిగి డబ్బాలో పోయకండి.

ఆయిల్ తాగిన లైనర్లను కాల్చి, గీకి మళ్లీ బిగించే అలవాటు మానుకోవాలి. వేడెక్కినప్పుడల్లా లోపలి ఆయిల్ పైకి తేలుతూనే ఉంటుంది.

డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు, దాని పొడి ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. షెడ్‌లో పనిచేసే కుర్రాళ్లకూ ఈ సంగతి చెప్పండి. వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

జాకీ ఒక్కదాన్నే నమ్మి, లేదా ఇటుకలు పేర్చి, బండి కిందికి దూరకండి. స్టాండ్లు ఉండాల్సిందే.

ఎన్నో ఏళ్లుగా కొట్టులో పడివున్న రబ్బరు కిట్‌ను ప్యాకెట్ విప్పలేదు కదా అని వేసుకోవద్దు. వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే వదిలేయండి. ముంబయి రోడ్ల మీద పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్లూ స్పేర్లకు గిరాకీ ఉండేది. చివరి టాక్సీ గడువు కూడా 2023 అక్టోబరుతో ముగిసింది. ఇప్పుడు దొరికే సరుకును మరింత జాగ్రత్తగా చూసి కొనాలి.

కొత్త లైనర్లు వేశాక పెడల్ మెత్తగా ఉంటే వెంటనే మళ్లీ ఎయిర్ తీయబోకండి. లేతుకిచ్చి డ్రమ్మును పెద్దది చేయించి ఉంటే, కొత్త షూ వంపు దానికి సరిపోక కొంతమేరే ఆనుతుంది. డ్రమ్ము కొలత పరిమితి దాటిందేమో ముందు తేల్చుకోండి.

పని ముగిశాక ఖాళీ స్థలంలో నడక వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూడండి. పక్కకు లాగుతోందా, చక్రం విడుస్తోందా గమనించండి. మర్నాడు పొద్దున డబ్బాలో ఆయిల్ గీత దగ్గరే ఉందా, నాలుగు చక్రాల లోపలి వైపూ పొడిగా ఉన్నాయా చూసుకుని, అప్పుడు బండిని రోడ్డెక్కించండి.