కాలిన నెగెటివ్, కొత్త డిస్కు

పాత క్లాసిక్ సినిమా ఏదైనా ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. అలాంటప్పుడు అట్ట మీద "రీస్టోర్డ్" అని రాసున్న డిస్కుకి వేలు పోయడం దండగ కాదా అని మన క్లబ్బులో తరచూ వాదన వస్తుంటుంది. నా లెక్క ప్రకారం కొన్ని తప్పకుండా కొనాలి, చాలావాటికి అక్కర్లేదు. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలియాలంటే ఆ ఒక్క మాట వెనకాల ఎంత పని జరిగిందో చూడాలి. అందుకు సత్యజిత్ రే తీసిన అపు చిత్రత్రయం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

పథేర్ పాంచాలి 1955లో, అపరాజితో 1956లో, అపుర్ సంసార్ 1959లో వచ్చాయి. 1992లో రేకి గౌరవ ఆస్కార్ ఇచ్చారు, కొద్ది వారాలకే ఆయన కన్నుమూశారు. ఆయన సినిమాలను భద్రపరచాలని ఒరిజినల్ నెగెటివ్‌లను లండన్‌లోని హెండర్సన్స్ ల్యాబుకి పంపారు. 1993లో ఆ ల్యాబు తగలబడింది. కాపాడటానికి పంపినవే కాలిపోయాయి! మిగిలిన మాడిన రీళ్ళని పారెయ్యకుండా అమెరికాలోని అకాడమీ ఆర్కైవు దాచిపెట్టింది. వాటిని మళ్ళీ వాడగలిగే సాంకేతికత అప్పటికి ఎవరిదగ్గరా లేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 2013లో, క్రైటీరియన్ సంస్థ, అకాడమీ కలిసి ఆ పెట్టెలు తెరిచాయి. ఇటలీలోని బొలోన్యాలో ఉన్న లిమాజినే రిట్రొవాటా ల్యాబు పని చేపట్టింది. ఎండిపోయి పెళుసుబారిన ఫిల్మ్‌కి ముందు మళ్ళీ తేమ పట్టించారు. కరిగి అంటుకున్న జిగురునీ, మైనాన్నీ తీశారు. ఫిల్మ్ అంచున ఉండే చిల్లులు, అంటే స్కానర్ పళ్ళు పట్టుకునే రంధ్రాలు, పాడైనచోట చేత్తో కొత్తగా కట్టారు. ఈ చేతిపనికే దాదాపు వెయ్యి గంటలు పట్టింది. కంప్యూటర్ పని ఆ తర్వాతే మొదలైంది.

పథేర్ పాంచాలి నిడివి సుమారు 125 నిమిషాలు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున 1,80,000 ఫ్రేములు. అందులో ఒరిజినల్ నెగెటివ్ నుంచి దక్కింది 40 శాతం, అంటే డెబ్బై రెండు వేల ఫ్రేములు. అపరాజితోలో 60 శాతానికి పైగా దక్కింది. అపుర్ సంసార్ నెగెటివ్ మాత్రం అస్సలు పనికిరాలేదు. లోటు పడ్డచోటల్లా వేరే ఆర్కైవుల్లో ఉన్న మాస్టర్ ప్రతులు, డూప్లికేట్ నెగెటివ్‌లు తెచ్చి కలిపారు. అన్నిటినీ 4కెలో స్కాన్ చేసి, 2015లో ముందు థియేటర్లలో, తర్వాత బ్లూ-రే మీద విడుదల చేశారు.

ఇక్కడ మన ఈసీఈ వాళ్ళకి ఇష్టమైన విషయం ఒకటుంది. ఫిల్మ్ మీద కనిపించే సన్నటి ఇసుకలాంటి గ్రెయిన్ నాయిస్ కాదు, అదే సిగ్నల్. బొమ్మంతా ఆ రేణువులతోనే ఏర్పడింది. దాన్ని నాయిస్ అనుకుని ఫిల్టర్ వేస్తే చర్మం మీది ముడతలు, చీర నేత అన్నీ దాంతోపాటే కొట్టుకుపోతాయి. 2010లో వచ్చిన ప్రెడేటర్ బ్లూ-రే మీద జనం విరుచుకుపడింది ఇందుకే. మనుషులు మైనపు బొమ్మల్లా ఉన్నారు. "నున్నగా, కొత్త సినిమాలా ఉంది" అని ఎవరైనా మెచ్చుకుంటే నేనైతే కొంచెం అనుమానిస్తాను.

గ్రెయిన్ నిలబడితే ఏం దక్కుతుందో అపరాజితోలో చూడండి. కాశీ ఇంటిని స్టూడియోలో సెట్ వేశారు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ పైన బట్ట పరిచి, లైట్లు దాని మీద పడి తిరిగొచ్చేలా పెట్టాడు. దాంతో పైనుంచి ఆకాశపు వెలుగు దిగినట్టు, నీడలు లేని మెత్తటి కాంతి వచ్చింది. ఆ కాంతి అంతా తెలుపుకీ నలుపుకీ మధ్య ఉన్న బూడిద ఛాయల్లోనే ఉంది. అరిగిన ప్రింటు నుంచి చేసిన కాపీలో ఆ ఛాయలు రెండు మూడుకి కుదించుకుపోతాయి, గోడ తెల్లగా, మూల నల్లగా మిగులుతాయి. అప్పుడు మిత్ర చేసిన పనే కనిపించదు. కథ మాత్రం అర్థమవుతుంది, అది నిజమే.

పాత పాల్ డీవీడీల్లో ఇంకో తిరకాసు ఉంది. 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేముల వేగంతో నడిపేస్తారు. 125 నిమిషాల సినిమా 120కే అయిపోతుంది. శ్రుతిని సరిచెయ్యకపోతే రవిశంకర్ సితార్ దాదాపు ముప్పాతిక సెమీటోన్ పైకి పోతుంది. బ్లూ-రేలో అసలు 24 ఫ్రేములే ఉంటాయి.

మరి మన మాయాబజార్? 1957 నాటి నలుపు-తెలుపు సినిమాకి 2010లో రంగులు వేసి విడుదల చేశారు. బొమ్మనీ శబ్దాన్నీ శుభ్రం చేశారు, చిన్నపిల్లలు థియేటర్లో ఘటోత్కచుణ్ణి చూసి కేరింతలు కొట్టారు. అంతవరకూ సంతోషమే. కానీ దాన్ని రీస్టోరేషన్ అంటే నేనొప్పుకోను. మార్కస్ బార్‌ట్లీ వెన్నెలని వెలుగునీడలతోనే కట్టాడు, ఆయన నీలం రంగు అడగలేదు. ఆ సినిమా నలుపు-తెలుపులో, శుభ్రమైన స్కాన్‌తో, గ్రెయిన్ పోకుండా ఒక డిస్కుగా వస్తే మొదటి కాపీ నేనే కొంటాను. మా ఇంట్లో ఉన్న పాత తెలుగు సినిమాల డిస్కుల్లో అయితే ఒకదాంట్లో మూలన కంపెనీ ముద్ర సినిమా అంతా కదలదు, ఇంకోదాంట్లో వైడ్ టీవీకి సరిపెట్టాలని పైనా కిందా కోసేసి తలలు ఎగరగొట్టారు. వాటికి పైసా పెట్టక్కర్లేదు.

కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: స్కాన్ దేన్నుంచి చేశారు? కెమెరా నెగెటివ్ నుంచా, మాస్టర్ ప్రతి నుంచా, ప్రదర్శనలకి తిప్పిన ప్రింటు నుంచా? పని నిజంగా చేసినవాళ్ళు ఆ వివరం డిస్కుతో వచ్చే చిన్న పుస్తకంలో రాస్తారు. అట్ట మీద "డిజిటల్లీ రీమాస్టర్డ్" అని తప్ప ఇంకేమీ లేకపోతే పాత టేపునే సాగదీశారేమో అని చూసుకోవాలి.

రెండోది రీజియన్ కోడ్. బ్లూ-రేలకి మన దేశం సి, అమెరికా ఎ. అమెరికా డిస్కు ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి ఈ గొడవ లేదు, కానీ వాటికి ప్లేయర్ వేరే కావాలి. మన ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే చోటే లేదు కదా. బయటి డ్రైవు, షిప్పింగు, కస్టమ్స్ అన్నీ కలిపితే నెల మెస్ బిల్లు దాటేస్తుంది.

అందుకని, ఒకసారి చూసి వదిలేసే సినిమాకైతే స్ట్రీమింగ్ చాలు. ఏటా మళ్ళీ చూసే సినిమా అయితే వేరే సంగతి. హక్కుల గడువు అయిపోయిన రోజు యాప్‌లోంచి సినిమా మాయమవుతుంది, బీరువాలోంచి మాయం కాదు. పైగా 125 నిమిషాలు సెకనుకి 30 మెగాబిట్ల చొప్పున అంటే సుమారు 28 గిగాబైట్ల బొమ్మ. మన హాస్టల్ వైఫై అంత ఎప్పుడు మోసింది? అపు పెట్టెలో సౌమిత్ర చటర్జీ, షర్మిలా ఠాగూర్ ఇంటర్వ్యూలు కూడా ఉన్నాయి.

ఒక్కరే భరించనక్కర్లేదు. ఈ సెమిస్టర్ క్లబ్బు నిధిలోంచి ఆ పెట్టె ఒక్కటీ, అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఒక్కటీ కొందామని కార్యవర్గానికి నేను రాసిచ్చాను. ప్రొజెక్టర్ సెమినార్ హాల్లో ఎలాగూ ఉంది. కార్యవర్గం సరేనంటే మొదటి శనివారం అపరాజితో వేద్దాం. కాశీ ఇంటి దృశ్యాన్ని ముందు ఫోన్ కాపీలోది, తర్వాత డిస్కులోది, పక్కపక్కన పెట్టి చూపిస్తాను.