ఎండకాలంలో టైర్ల సంరక్షణ

చెన్నైలో కత్తిరి ఎండలు ముదిరేనాటికి బడులకు సెలవులు వస్తాయి. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ వైపు సొంత ఊళ్ళకు కారులో బయలుదేరే తెలుగు కుటుంబాలు అనేకం. ఏడాదిలో అధికభాగం వీధి ప్రక్కన నిలిచి ఉన్న బండి ఆనాడు నిండు బరువుతో, మండుటెండలో 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటల తరబడి పరుగెత్తవలసి వస్తుంది. తక్కువ తిరిగిన బండి కనుక టైర్లు కొత్తవేనన్న ధీమా ప్రమాదకరమైనది. టైరు తిరిగితే అరుగుతుంది, నిలిచిపోతే పెళుసెక్కుతుంది. అరుగుదల కంటికి కనబడుతుంది, పెళుసుదనం వెంటనే కనబడదు.

నిలిచిన టైరు ఎందుకు చెడుతుంది?

ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోను, వేడి - ఈ మూడూ రబ్బరుకు శత్రువులు. వీటిని తట్టుకోవడానికే తయారీలో నల్లని కార్బన్ పొడి, మైనం, మరికొన్ని రసాయనాలు కలుపుతారు. చక్రం తిరిగేటప్పుడు టైరు వంగుతూ, సాగుతూ ఉంటుంది. ఆ కదలికవల్ల లోపలి మైనం పైకి వచ్చి పలుచని రక్షణపొరగా నిలుస్తుంది. నెలల తరబడి కదలని బండికి ఈ రక్షణ సరిగా అందదు. అందువలన టైరు ప్రక్కగోడలపై సన్నని పగుళ్ళు ఏర్పడతాయి. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయని సామెత. ఇక రబ్బరు సంగతి చెప్పనక్కరలేదు.

బండిని నిలిపి ఉంచేటప్పుడు

వీలైనంతవరకు నీడపట్టున నిలపాలి. నీడ లేనిచోట ఎండ తగిలే వైపు చక్రాలకు తెల్లని మందపు గుడ్డ కప్పినా మేలే. వారానికి ఒకసారైనా బండిని కొన్ని కిలోమీటర్లు నడపాలి. టైర్లను సబ్బునీటితో కడిగితే చాలు; మెరుపు కోసం పెట్రోలియం నూనెలు పూయడం రబ్బరుకు హాని చేస్తుంది.

ప్రయాణానికి ముందు

గాలిని ఉదయాన్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీలో ఉంటుంది. స్టెప్నీని మరువరాదు. దారిలో టైరు వేడెక్కినకొద్దీ లోపలి పీడనం పెరగడం సహజం. పెరిగిందని వేడి టైరులో గాలి తీయించరాదు. గాలి తక్కువైతే ప్రక్కగోడ అతిగా మడతపడి, మరింత వేడెక్కి, వేగంలో పేలిపోయే ప్రమాదం ఉంది. పరిమితికి మించిన సామాను కూడా అదే కీడు చేస్తుంది.

టైరు వయస్సు తెలుసుకోవడం

ప్రక్కగోడపై నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఐదేళ్ళు దాటిన టైర్లను ఏటా దుకాణంలో పరీక్ష చేయించాలి. పదేళ్ళు నిండినవాటిని గాళ్ళు లోతుగా ఉన్నా మార్చడమే క్షేమం. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే వయస్సుతో పని లేకుండా మార్చవలసిందే.

పగుళ్ళు లోతుగా ఉన్నా, ప్రక్కగోడ ఉబ్బినా ఆ టైరుతో ప్రయాణం తగదు. ఊరికి ఒకరోజు ఆలస్యంగా చేరినా నష్టం లేదు. ఇంటిల్లిపాదీ క్షేమంగా చేరడమే ముఖ్యం.