విడిదికి చోటు ఎంచుకొనుట: గోస్తని కొండ మొదలు భీమునిపట్నము వరకు

పంట కళ్ళమునుండి ఇల్లు చేరి, గడ్డివాములు వేసిన పిదప రైతు కుటుంబమునకు కొన్ని దినములు తీరిక చిక్కును. పూర్వము ఈ తీరికలో జాతరలకు, తీర్థములకు పోవుట వాడుక. ఇప్పుడు గ్రామ యువజన సంఘములవారును, నాలుగు కుటుంబములు కలిసి వ్యాను మాట్లాడుకొనువారును కొండ దగ్గర రెండు రాత్రులు, సముద్రము దగ్గర రెండు రాత్రులు గుడారములలో గడిపి వచ్చుచున్నారు. మంచి అలవాటే. ఏడాది పొడుగున మట్టిలో పనిచేసిన దేహమునకు మార్పు అవసరము. కాని పడుకొను చోటు విషయములో ఏమరినచో నష్టము బియ్యపు మూట తడియుటతో పోదు. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకొని పోయిరి. వారు దిగిన వేళకు నదిలో నీరు తక్కువగానే ఉన్నది. పైనున్న ఆనకట్టనుండి వదలిన నీరు వారిని నిముషములలో ముంచివేసినది. ఏటిలో బండరాయి చూచుటకు ఎంత అందముగా ఉన్నను, అది నీటిది, మనది కాదు.

ఈ పాఠమునకు గోస్తని నదిని ఉదాహరణగా తీసుకొందము. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండ ప్రవహించి, తాటిపూడి జలాశయములో నిలిచి, భీమునిపట్నము వద్ద ఈ నది బంగాళాఖాతములో కలియుచున్నది. కొండ, లోయ, జలాశయము, మైదానము, ఏటిమొగ, కడలి అన్నియు ఒక్క నది వెంట వచ్చుటచేత నేర్చుకొనుటకు ఇంతకంటె అనుకూలమైన దారి మనకు లేదు. విశాఖపట్నము నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. కొండనుండి తీరమునకు ఒక్క పూటలో దిగి రావచ్చును.

కాలము

చోటుకంటె ముందు కాలము చూడవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుఫానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్దనే తీరము దాటినది. సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. జూన్ నుండి సెప్టెంబరు వరకు కొండదారులలో చరియలు విరిగిపడు భయము కలదు. ఏప్రిల్, మే నెలలలో ఎండకు తోడు సాయంత్రపు పిడుగులు. సంక్రాంతి దాటిన పిదప ఫిబ్రవరి నెలాఖరు వరకు ఉన్న ఐదారు వారములే ఈ ప్రాంతమునకు యోగ్యమైనవి. అప్పుడు కొండపై చలి మాత్రము గట్టిగానే ఉండును. ఎత్తు ప్రతి వేయి మీటర్లకు వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గును. అరకు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక తీరమునకు చాలిన దుప్పటి అచట చాలదు.

కళ్ళమునకు చోటు ఎంచు రైతుకు ఇది కొత్త విద్య కాదు. కళ్ళమును పల్లమున చేయము, నీరు నిలుచును. గాలి ఆడని చోట చేయము, తూర్పారబట్ట వీలుండదు. గట్టి నేల చూతుము, బండి దారి దగ్గర చూతుము. విడిదికిని ఇవే లక్షణములు. గాలి మాత్రము కళ్ళమునకు ఎంత ఉన్నను మంచిదే, విడిదికి మితముగా ఉండవలెను. నేల తెలియవలెనన్నచో జానెడు లోతు గుంట తీసి చెంబెడు నీరు పోసి చూడవలెను. త్వరగా ఇంకిపోయినచో వానకు భయము లేదు. నీరు బురదయై అట్లే నిలిచినచో వేరు చోటు వెదకవలెను. ఎర్ర గరప నేల శ్రేష్ఠము. నల్లరేగడి పనికిరాదు. ఆ ఊరి గొర్రెల కాపరి వానలలో మందను ఎక్కడ ఆపునో అడిగి తెలిసికొన్నచో సగము పని తీరును. అయితే మంద పండిన చోటనే గుడారము వేయరాదు. పిడుదులు పట్టును. ఏబది అడుగులు పక్కకు జరుగవలెను.

గెడ్డ సంగతి

కొండవాగును ఆ ప్రాంతమువారు గెడ్డ అందురు. పిల్లలకు గెడ్డ అనిన ప్రాణము. నీళ్ళు తెచ్చుకొనుటకు, గిన్నెలు తోముటకు సులువని ఆడువారును గెడ్డ పక్కనే ఉందమందురు. ఇచట కొంచెము లెక్క వేయవలెను. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన పడినచో ఆ నీరు లక్ష లీటర్లకు పైగా అగును. ఒక చదరపు కిలోమీటరునకు 247 ఎకరములు. అనగా అంత చిన్న కొండవాలుపై ఒక్క అంగుళము వానకు రెండున్నర కోట్ల లీటర్ల నీరు పడినదన్నమాట. అందులో సగము నేలలో ఇంకినను, మిగిలిన సగము ఒక్క గెడ్డలో గంట రెండు గంటలలో దిగి రావలెను. మడిలో గట్టు తెగినపుడు చూచిన రైతుకు వేరే చెప్పనవసరము లేదు. మనపై ఆకాశము నిర్మలముగా ఉన్నను పై కొండలో వాన పడి ఉండవచ్చును.

కావున గెడ్డలో ఇసుక తిన్నె మీద గాని, ఒడ్డున గరిక మొలచిన చదును మీద గాని పడుకొనరాదు. ఆ చదును చేసినది వెనుకటి వరదయే. ఒడ్డున చెట్లకు, పొదలకు చిక్కుకొన్న చెత్త, ఎండుటాకులు, గుడ్డపేలికలు ఎంత ఎత్తున ఉన్నవో చూడవలెను. అది వరద తాను వ్రాసిపోయిన గుర్తు. దానికంటె రెండు నిలువుల ఎత్తున విడిది ఉండవలెను. ఊరి పెద్దను అడుగుట ఇంకను మేలు. “తాతా, గెడ్డ పొంగితే నీరెందాకా వస్తాది?” అన్నచో ఆయన చేయిచాచి చెట్టు చూపును. నీరు ఒక్కసారిగా కలక బారినను, పుల్లలు, ఆకులు ఎక్కువగా కొట్టుకొని వచ్చినను, గెడ్డ ధ్వని పెరిగినను, సామాను మాట మరచి పిల్లలతో పైకి నడువవలెను. గిన్నెలు మరల కొనుక్కొనవచ్చును.

తాటిపూడి వంటి జలాశయముల దిగువ నదీగర్భములో విడిది చేయుట ఎంత మాత్రము తగదు. తలుపులు ఎత్తు వేళ మనకు తెలియదు. జలాశయపు గట్టు మీదను కూడదు. నీటిపారుదల శాఖవారి అనుమతి వేరు సంగతి, రాత్రివేళ పిల్లవాడు కాలుజారినచో ఆ వాలు పట్టు దొరకనిది.

కొండవాలున

లోయ అడుగున వలిసె చేలు, గెడ్డ, పొగమంచు అందముగా కనబడును. రాత్రి అదే చోటు అన్నిటికంటె చలిగా ఉండును. చల్లబడిన గాలి బరువెక్కి నీటివలె పల్లమునకు జారి అచట నిలుచును. అట్లని కొండకొమ్మున దిగినచో గాలి గుడారమును నిలువనీయదు. అడుగునకు కొంచెము పైన, తూర్పు ముఖమైన వాలులో చదును మెట్టు దొరికినచో ఉదయపు ఎండ తొందరగా తగిలి మంచు ఆరును. ఏటవాలు బండల కింద, ఇటీవల మట్టి జారిన ఎర్రని గాటు కనబడు చోట, రోడ్డు కొరకు కొండను నిలువుగా కోసిన చోట ఆగరాదు.

తల పైకెత్తి చూచుట చాలామంది మరతురు. ఎండిన కొమ్మ, కొబ్బరిగెల, తేనెపట్టు ఈ మూడింటిలో ఏది ఉన్నను ఆ నీడ మనకు పనికిరాదు. పెద్ద తేనెటీగలు పొయ్యి పొగకు రేగినచో గుంపును గుంపును తరుమును. ఒంటిగా నిలిచిన తాడిచెట్టు పిడుగునకు ఆహ్వానము. మెరుపు మెరిసిన పిదప ఉరుము వినబడువరకు లెక్కించవలెను. మూడు సెకనులకు ఒక కిలోమీటరు దూరము. ముప్పది లోపు అయినచో గుడారము వదలి పక్కా ఇంటిలోనికి గాని, పై కప్పు ఉన్న వ్యానులోనికి గాని పోయి, చివరి ఉరుము తరువాత అరగంట వరకు ఉండవలెను. గుడ్డ గుడారము పిడుగును ఆపలేదు.

చలికి తాళలేక గుడారములోనికి కుంపటి తెచ్చుకొనువారు కలరు. దీనిని గూర్చి గట్టిగా చెప్పవలసి యున్నది. బొగ్గులు మండునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు, కన్ను మండదు. పడుకొన్నవారు పడుకొన్నట్లే పోవుదురు. పొగ రాని నిప్పు గదా అని మోసపోరాదు. గ్యాసు స్టవ్వును కూడ లోపల వెలిగించరాదు. ఇంకొక దుప్పటి, కింద మందముగా ఎండుగడ్డి, దాని మీద టార్పాలిను ఇవే కుంపటి.

కింద పరుపు వేసినను, కట్లపాము భయము కలదు. ఇది రాత్రి తిరుగును, నేలమీద నిద్రించువారిని కరచును. నొప్పి, వాపు తెలియక పోవచ్చును. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలుట కనబడును. కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట అన్నియు హాని చేయును. కదలకుండ ఉంచి, 108 వాహనము పిలిచి, విషమునకు విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. కావున విడిది ఎంచునపుడు దగ్గరి ఆసుపత్రి ఏది, ఫోను సిగ్నలు ఏ మలుపు వద్ద వచ్చును అను రెండు సంగతులు పగలే తెలిసికొనవలెను. దోమతెర అంచులు పరుపు కిందికి దోపినచో దోమకు, పాముకు రెండింటికిని అడ్డు. రాళ్ళగుట్ట, చెదపుట్ట, కట్టెలమోపు ఉన్న చోటు వదలవలెను.

అరకు, అనంతగిరి ప్రాంతము గిరిజనులది. చదునుగా, ఖాళీగా కనబడిన చోటు అచటి కుటుంబపు పోడుచేను కావచ్చును, గ్రామదేవత గుడి కావచ్చును, కాఫీ తోట కావచ్చును. మన చేనిలో ఎవరైన అడగక గుడారము వేసినచో మనము ఊరుకొందుమా? అడిగి, తగిన సొమ్మిచ్చి ఉండవలెను. అడవి భూమియైనచో అటవీశాఖవారి అనుమతి తప్పదు.

కడలి ఒడ్డున

భీమునిపట్నము తీరములో నేల ఇసుక గనుక మేకు నిలువదు. చిన్న గోనెసంచిలో ఇసుక నింపి, దానికి మోకు కట్టి, మూరెడు లోతున పాతినచో ఏ గాలికిని కదలదు. ఎడ్లగాడి పాతుటకంటె సులువు. పగలు సముద్రమునుండి గాలి భూమికి వీచును, రాత్రి తిరిగి భూమినుండి సముద్రమునకు వీచును. పొయ్యి ఎక్కడ పెట్టవలెనో ఈ రెండును చూచి నిర్ణయించవలెను.

ఒడ్డున నాచు, గవ్వలు, పుల్లలు వరుసగా పడి యుండు గీత వెనుకటి పోటు ఎంతవరకు వచ్చినదో చెప్పును. అది నేటి గీత మాత్రమే. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. పోటు వేళ దినదినమునకు సుమారు 50 నిముషములు వెనుకకు జరుగును. గీతకు బాగుగా పైన, ఇసుకదిబ్బకు వెనుక, తీగలు అల్లుకొన్న గట్టి నేలపై విడిది వేయవలెను. ఏటిమొగ దగ్గర వేయరాదు. అచట ఇసుకతిన్నెలు నిలుకడ లేనివి. జనవరి నుండి మార్చి వరకు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి గుడ్లు పెట్టును గనుక దీపములు సముద్రమువైపు త్రిప్పరాదు. భీమునిపట్నము దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షింపబడిన ప్రదేశము. వాటిని చూచి రావలసినదే గాని, మేకులు కొట్టుట, పొయ్యి తవ్వుట కూడదు.

ఈ తీరములో ప్రాణములు ఎక్కువగా తీయునది అల కాదు, అలల మధ్య వెనుకకు లాగు ప్రవాహము. ఒడ్డుకు వచ్చిన నీరు ఎక్కడో ఒక చోట దారి చేసికొని వెనుకకు పోవలెను. మడిలో నీరు గండివద్ద ఎట్లు ఈడ్చుకొని పోవునో అట్లే. అచట అలలు విరుగవు, నీరు నిశ్చలముగా, ఇసుక కలిసి మసకగా కనబడును. అదే మంచి చోటని కొత్తవారు దిగుదురు. దానిలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదరాదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ లాగుడునుండి బయటపడిన పిదప అలలతో రావలెను. ఈత రాని వానిని రక్షింప ఇంకొకడు దిగుట వలన ఇద్దరు పోయిన ఇండ్లు కలవు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మూత బిగించి విసరవలెను. మోకు విసరవలెను. ఊరి జాలరిని అడిగి, ఆయన వద్దన్న చోట పిల్లలను దింపరాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చు అలల హెచ్చరికలు కూడ చూడవలెను. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరమును తాకినది. భూమి కంపించినను, నీరు అసాధారణముగా వెనుకకు తగ్గినను, చేపలు ఏరుకొనుటకు పోక మెట్టకు పరుగెత్తవలెను.

మంచినీరు

మనిషికి త్రాగుటకు, వంటకు కలిపి దినమునకు 5 లీటర్లకు తక్కువ కాకుండ లెక్క వేసికొనవలెను. తీరపు ఇసుకలో చెలమ తీసినచో పైన తియ్యని నీరు ఊరును. వానకు ఇంకిన మంచినీరు ఉప్పునీటి మీద తేలియుండుటయే కారణము. లోతుగా తవ్వి ఎక్కువ తోడినచో ఉప్పు పైకి వచ్చును. చెలమ నీరైనను, గెడ్డ నీరైనను తెర్లునట్లు కాచి త్రాగవలెను. మరుగుదొడ్డి గుంట నీటికి 200 అడుగుల దూరమున, దిగువ వైపున తీసి, ప్రతిసారి మట్టి కప్పవలెను. పోవునాడు పొయ్యిలో నీరు పోసి, బూడిదను చేతితో తాకి చల్లబడినదని తెలిసిన పిదపనే కదలవలెను. ఫిబ్రవరిలో ఆకు రాలి అడవి ఎండియుండును.

ఇల్లు చేరిన మూడు నాలుగు వారములలో ఎవరికైన జ్వరము వచ్చినచో, కొండలో ఏ ఊరి దగ్గర ఎన్ని రాత్రులు పడుకొన్నదియు డాక్టరుకు చెప్పవలెను. మలేరియాకు రక్తపరీక్ష చేయించవలెను. పొదలలోని చిన్న నల్లిజాతి పురుగుల వలన వచ్చు స్క్రబ్ టైఫస్‌లో చంకలోనో, నడుము వద్దనో చిన్న నల్లని పొక్కు ఉండవచ్చును. రోగి చూడలేని చోట ఉండును గనుక ఇంటివారు వెదకి చూపవలెను. రెండింటికిని మంచి మందులు కలవు.