పదహారేళ్ల అస్సలాయనుడు – బుద్ధుని ప్రశ్నలు



తత్త్వశాస్త్రం అనగానే అది ముసలివారికో, సన్యాసులకో సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక మాటను పెద్దలు చెప్పారు కదా అని ఒప్పుకోకుండా, అది ఎలా నిజమవుతుందని అడగడమే తత్త్వచింతనకు మొదటి మెట్టు. ఇందుకు ఉదాహరణగా ఒక ప్రాచీన సంభాషణ చూద్దాం. ఇది పాళీ భాషలోని మజ్ఝిమ నికాయంలో 93వ సుత్తం. దీని పేరు అస్సలాయన సుత్తం.

సందర్భం

బుద్ధుడు శ్రావస్తి నగరంలోని జేతవనంలో ఉన్నాడు. నాలుగు వర్ణాలవారికీ శుద్ధి సమానమేనని ఆయన బోధించడం అక్కడికి వచ్చిన బ్రాహ్మణులకు నచ్చలేదు. ఆయనతో వాదించడానికి వారు అస్సలాయనుడనే వేద విద్యార్థిని ఎంచుకున్నారు. అతని వయసు 16 ఏళ్లు. అంటే మన హాస్టల్లో పదో తరగతి, ఇంటర్ చదివేవారి ఈడు. అతను మొదట వెనుకాడినా, వారు మళ్లీ మళ్లీ అడగడంతో వెళ్లాడు. బ్రాహ్మణులే శ్రేష్ఠులని, బ్రహ్మ ముఖం నుండి పుట్టారని అంటారు, దీనికి మీరేమంటారని అడిగాడు. బుద్ధుడు కోపగించుకోలేదు. తిరిగి ప్రశ్నలు వేశాడు. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

1. బ్రాహ్మణ స్త్రీలు కూడా గర్భం దాల్చి, బిడ్డను కని, పాలివ్వడం అందరూ చూస్తున్నదే. మరి ముఖం నుండి పుట్టామనడం ఎలా కుదురుతుంది?

2. యవన, కాంభోజ దేశాల్లో యజమాని, దాసుడు అనే రెండే వర్గాలున్నాయి. అక్కడ యజమాని దాసుడు కావచ్చు, దాసుడు యజమాని కావచ్చు. నాలుగు వర్ణాలు సృష్టిలోనే ఉంటే అక్కడ ఎందుకు లేవు?

3. నదిలో స్నానం చేస్తే ఒక వర్ణం వారి మురికే పోతుందా, అందరిదీ పోతుందా?

4. ఒకరు చందనపు కర్రతోనూ, మరొకరు పందుల తొట్టి కర్రతోనో ఆముదపు కర్రతోనో నిప్పు రాజేస్తే, ఆ రెండు మంటల వెలుగులో, వేడిలో తేడా ఉంటుందా?

5. ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు చదువుకున్నవాడు, ఒకడు చదువు లేనివాడు. ముందుగా ఎవరికి వడ్డిస్తారు? చదువుకున్నవాడికని అస్సలాయనుడు చెప్పాడు. మరి ఆ చదువుకున్నవాడు దుర్మార్గుడై, చదువు లేనివాడు సద్గుణవంతుడైతే? అప్పుడు గుణవంతుడికేనన్నాడు.

అంటే ఆ విద్యార్థి పుట్టుకతో మొదలుపెట్టి, చదువు మీదుగా నడవడిక దగ్గరకు తానే వచ్చాడు. చివరకు మాట రాక తలవంచుకుని కూర్చున్నాడు. తరువాత బుద్ధుని ఉపాసకుడయ్యాడు.

మనం నేర్చుకోవలసినవి

బుద్ధుని పద్ధతిని గమనించండి. ఆయన తిట్టలేదు, శాపం పెట్టలేదు. కళ్లకు కనిపించేదాన్ని చూపాడు, వేరే దేశంతో పోల్చాడు, ఎవరైనా చేసి చూడగల పరీక్ష చెప్పాడు. ఇది సైన్సు చదివే విద్యార్థి పద్ధతే. అస్సలాయనుని గొప్పతనం కూడా తక్కువది కాదు. తన పక్షం ఓడిపోతుందని తెలిసినా అతను ప్రతి ప్రశ్నకూ నిజమే చెప్పాడు.

నేడు ఇది ఎందుకు?

రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. డాక్టర్ అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. అయినా పట్నంలో అద్దెగది కోసం వెళితే ఊరు, ఇంటిపేరు, ఆపై కులం అడిగేవారు ఇంకా ఉన్నారు. అటువంటప్పుడు మనసులో చిన్నబుచ్చుకోకండి. జవాబు చెప్పుకోవలసింది మీరు కాదు, పుట్టుకతో ఎక్కువని చెప్పుకునేవారే.

అయితే ఈ ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. మనలో మనం ఉపకులం చూసి పక్కన కూర్చుంటున్నామా? ఇంట్లో చెల్లెలి చదువు కంటే మన చదువే ముఖ్యమనుకుంటున్నామా? ఉద్యోగం వచ్చాక హాస్టల్ పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నామా? పూర్వ విద్యార్థులు ఐదో ప్రశ్నను మరొకసారి చదవాలని మనవి.

అభ్యాసం: మీ ఊళ్లో అందరూ నమ్మే ఒక మాటను తీసుకోండి. అది నిజమో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు రాసి, రాత్రి స్టడీ అవర్ తరువాత మిత్రులతో చర్చించండి.